పర్లాకిమిడి డాబా మీద 68.5 కిలోహెర్ట్జ్: కరెంటు రొద మధ్య టైమ్ సిగ్నల్ పట్టడం ఎలా

రెండేళ్ళ క్రితం మా షాపుకి ఒకాయన వాచీ పట్టుకొచ్చారు. కొడుకు విదేశం నుంచి పంపాడట, రేడియో సిగ్నల్‌తో తనంతట తనే టైమ్ దిద్దుకునే రకం, కానీ ఇక్కడ ఎప్పుడూ దిద్దుకోవడం లేదు, పాడైందేమో చూడమన్నారు. నాది రేడియో టీవీ రిపేరు షాపు, వాచీలు నా పని కాదు. కానీ వాచీ పాడవలేదని మాత్రం చూడగానే తెలిసింది. లోపల వేలెడంత ఫెర్రైట్ ముక్క మీద తీగ చుట్టి ఉంటుంది, అది చైనా నుంచో జపాన్ నుంచో వచ్చే సిగ్నల్ వినాలి, మన బజారు వీధిలో ఉండే ఎల్ఈడీ బల్బులు రేడియో తరంగాల్లో పుట్టించే రొదలో దానికేం వినపడుతుంది పాపం. అప్పట్నుంచి రాత్రిళ్ళు దీని మీదే పడ్డాను. ఇప్పుడు మా డాబా మీద నుంచి చైనా టైమ్ సిగ్నల్ చలికాలంలో చాలా రాత్రులు చదవగలుగుతున్నా. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మనవాళ్ళెవరైనా చెయ్యాలనుకుంటే దారి ఇదీ అని రాస్తున్నా.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్తా. ఈ పనిలో సిగ్నల్ పెంచడం సులువు, రొద తగ్గించడమే అసలు పని. యాంప్లిఫయర్ పెడితే సిగ్నల్‌తో పాటు రొద కూడా అంతే పెరుగుతుంది, మొదటి నెల రోజులూ నేను చేసిన తప్పు అదే.

ఇక్కడికి ఏమేం వస్తాయి

మన దేశంలో ఇలా లో ఫ్రీక్వెన్సీలో టైమ్ పంపే స్టేషన్ లేదు. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబరేటరీ మన టైమ్‌ని చూస్తుంది, పూర్వం ఏటీఏ అనే పేరుతో షార్ట్‌వేవ్‌లో 10 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ వచ్చేది, అది ఆగిపోయింది. కాబట్టి బయటివాళ్ళ మీదే ఆధారపడాలి. చైనా షాంగ్‌చ్యూలో ఉన్న బీపీసీ 68.5 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, మనకి సుమారు 3,600 కిలోమీటర్లు. జపాన్ జేజేవై రెండు చోట్ల నుంచి వస్తుంది, ఫుకుషిమా నుంచి 40, క్యూషూ నుంచి 60, క్యూషూ స్టేషన్ మనకి 4,800 కిలోమీటర్లు ఉంటుంది. జర్మనీ 77.5 కూడా ఉంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

నేవిగేషన్ వైపు, అంటే దారి చూపే సిగ్నళ్ళ వైపు చూస్తే రష్యా వాళ్ళ ఆల్ఫా 11.9, 12.6, 14.9 కిలోహెర్ట్జ్ దగ్గర కూతలు కూస్తుంది, కంప్యూటర్ స్క్రీన్ మీద అవి మూడు గీతల్లా కనబడతాయి, ఒక్కో కూత 0.4 సెకను, మొత్తం వరస 3.6 సెకన్లకోసారి తిరిగి మొదలవుతుంది. అలాంటిదే అమెరికా వాళ్ళ ఒమేగా, దాన్ని 1997 సెప్టెంబర్ 30తో మూసేశారు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, 100 కిలోహెర్ట్జ్ మీద ఓడలకి దారి చూపే లోరాన్-సీ స్టేషన్ల గొలుసు మన ఒడిశాలోనే ఉండేది, బాలేశ్వర్, పట్‌పుర్, బెంగాల్లో డైమండ్ హార్బర్ మూడూ కలిసి కలకత్తా చెయిన్ అనేవారు. బంగాళాఖాతంలో ఓడలు వాటి పల్సుల మధ్య తేడా కొలిచి తామెక్కడున్నామో తెలుసుకునేవి. జీపీఎస్ వచ్చాక వాటి పని అయిపోయింది. ఇప్పుడు అదే 100 దగ్గర రాత్రిపూట దూరం నుంచి వచ్చే చైనా లోరాన్ పల్సులు కీచురాయిలా వినబడతాయి.

అన్నిటికంటే గట్టిగా వచ్చేది మాత్రం మన నేవీదే. తిరునల్వేలి దగ్గర విజయనారాయణంలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఉంది, అక్కడి వీటీఎక్స్ 18.2 కిలోహెర్ట్జ్ మనకి 1,350 కిలోమీటర్ల దూరమే. అది టైమ్ చెప్పదు, సబ్‌మెరైన్లకి పంపే రహస్య సందేశాలు, వాటితో మనకేం పని లేదు, ఆ గీత ఎంత బలంగా ఉందో మాత్రమే చూస్తాం. మీ యాంటెనా పనిచేస్తోందా లేదా చెప్పే సాక్షి అదే. పక్కనే 19.8 మీద ఆస్ట్రేలియా ఎన్‌డబ్ల్యూసీ కూడా వస్తుంది. ఈ రెండు గీతలూ కనబడకుండా బీపీసీ జోలికి వెళ్ళొద్దు.

మొదటి అడుగు: చుట్టు తయారు చెయ్యడం

పొడవు తీగ కట్టి మేడ మీంచి లాగితే అవుతుందనుకోకండి. నిలువు తీగలు ఇంట్లో రొదని బాగా తాగుతాయి, చుట్టు అంటే లూప్ అయస్కాంత భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది, పైగా తిప్పి రొద వైపు చెవి మూసేయొచ్చు. ఆ తిప్పడం కోసమే ఇదంతా.

రెండు వెదురు బద్దలు ఒక్కోటి 85 సెంటీమీటర్లు కోసి గుణకారం గుర్తులా అడ్డంగా కట్టండి, నాలుగు కొసల్లోనూ గాడి పెట్టండి, అప్పుడు భుజం 60 సెంటీమీటర్ల చదరం వస్తుంది. మోటార్ వైండింగ్ షాపుకెళ్ళి 25 గేజ్ ఎనామిల్ రాగి తీగ 150 గ్రాములు అడగండి, తూకంలోనే ఇస్తారు, మనకి 72 మీటర్లు కావాలి, సరిపోతుంది. 30 చుట్లు చుట్టి నూలు దారంతో ప్రతి జానెడుకీ కట్టెయ్యండి. ఇది సుమారు 1.7 మిల్లీ హెన్రీ అవుతుంది. దాని మీదే మామూలు ప్లాస్టిక్ తొడుగు తీగతో విడిగా మూడు చుట్లు వేసి ఆ రెండు కొసలే లాప్‌టాప్‌కి తీసుకెళ్ళాలి, పెద్ద చుట్టుని నేరుగా తగిలించకూడదు.

పెద్ద చుట్టు రెండు కొసల మధ్య కెపాసిటర్ పెడితే అది ఒక్క ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతుంది. 18.2కి 44 నానోఫారడ్లు, 40కి 9, 60కి 4, 68.5కి 3.1 కావాలి, ఇవి లెక్క కట్టినవే, మీ చుట్టు బిగువుని బట్టి అటూ ఇటూ అవుతాయి. బీపీసీకి నేను 222 అని రాసున్న ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి, 681 ఒకటి పక్కపక్కనే పెట్టి, మిగతాది పాత ఫిలిప్స్ రేడియోలో పీకిన గ్యాంగుతో, అంటే స్టేషన్లు మార్చడానికి తిప్పే కెపాసిటర్‌తో సర్దుతా. పచ్చ రంగు పాలిస్టర్వీ, తెల్లటి పాలీప్రొపిలీన్వీ వాడండి, బిళ్ళల్లాంటి సిరామిక్‌వి చలికీ ఎండకీ విలువ మారిపోయి రాత్రికొక చోట ఉంటాయి. మీటర్ లేకపోయినా పర్లేదు, స్క్రీన్ మీద రొద ఎక్కడ దిబ్బలా పైకి లేస్తుందో చూస్తే చుట్టు అక్కడ ట్యూన్ అయినట్టే, గ్యాంగు తిప్పుతుంటే ఆ దిబ్బ కదులుతుంది, దాన్ని 68.5 మీదకి తెచ్చి ఆపాలి.

రెండో అడుగు: వినే పెట్టె

మొదట్లో కొనాల్సిన పని లేదు. లాప్‌టాప్ సౌండ్ కార్డే రిసీవరు. 48 వేల శాంప్లింగ్ ఉంటే, అంటే సెకనుకి అన్నిసార్లు సిగ్నల్‌ని కొలిస్తే, 24 కిలోహెర్ట్జ్ దాకా చూడొచ్చు, అంటే వీటీఎక్స్, ఆల్ఫా అందుతాయి. 60, 68.5 కావాలంటే 192 వేల శాంప్లింగ్ ఉన్న యూఎస్‌బీ కార్డు ఉండాలి. ఇక్కడ ఒక మోసం ఉంది, డబ్బా మీద 192 అని రాసి లోపల 20 కిలోహెర్ట్జ్ దగ్గరే కోసేసే కార్డులు ఉన్నాయి, నేను అలాంటిది ఒకటి కొన్నా, నెల రోజులు లూప్‌లోనే తప్పుందని దాన్ని విప్పి చుట్టా విప్పి చుట్టా. కొన్న రోజే పైన 60-90 మధ్య రొద కనబడుతోందా లేక నల్లగా చచ్చి ఉందా చూస్కోండి. డబ్బులుంటే ఎస్‌డీఆర్‌ప్లే, ఎయిర్‌స్పై హెచ్ఎఫ్ ప్లస్ లాంటి రిసీవర్లు బేగి పని తేల్చేస్తాయి, అందరి దగ్గరా ఉండే చవక ఆర్‌టీఎల్ డాంగిల్ ఇంత కింద ఫ్రీక్వెన్సీకి పనికిరాదు. సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రమ్ ల్యాబ్ ఉచితం, దాంట్లో వాటర్‌ఫాల్ పెట్టుకోండి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో సెకన్లు గడిచేకొద్దీ జారుతూ చూపించే బొమ్మ అది, సిగ్నల్ గీతలా, రొద మసకలా కనబడతాయి.

లూప్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య 10 మీటర్లైనా దూరం ఉండాలి. ఇంటర్నెట్ కేబుల్ ముక్క మిగిలుంటే దాంట్లో ఒక జంట తీగలు చాలు, మెలిపెట్టి ఉంటాయి కాబట్టి దారిలో రొద పట్టవు. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడపాలి, ఇది తప్పదు.

మూడో అడుగు: రొదని వెతకడం

అసలు పని ఇదే, దీనికి వారం రోజులు పెట్టుకోండి. లూప్ పెట్టి వీటీఎక్స్ గీత చూస్తూ ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపించండి. ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి, వంట అయ్యాక పది నిమిషాలు చాలు. స్క్రీన్ మీద మసక ఒక్కసారిగా పల్చబడితే శత్రువు మీ ఇంట్లోనే ఉన్నాడు, మార్పు లేకపోతే వీధిలో ఉన్నాడు. ఇంట్లోదైతే ఎంసీబీలు ఒక్కొక్కటే వేసుకుంటూ రండి, ఏది వేసినప్పుడు మసక తిరిగొచ్చిందో రాసుకోండి.

కొన్నాళ్ళకి ముఖం చూసి మనిషిని పోల్చినట్టు రొదని పోలుస్తారు. చవక ఎల్ఈడీ బల్బు 40 నుంచి 100 మధ్య ఎక్కడో వెడల్పాటి పట్టీలా కూర్చుంటుంది, సరిగ్గా మనకి కావాల్సిన చోటే. ఫోన్ చార్జరు గీతలు పాములా మెల్లగా జరుగుతుంటాయి, లోపల వేడెక్కేకొద్దీ. ఇండక్షన్ పొయ్యి 20 నుంచి 40 మధ్య మంట పెంచి తగ్గిస్తే గెంతుతుంది, జేజేవై 40 చూడాలనుకున్న రాత్రి పక్కింటి వదినగారు పాలు కాచారంటే ఇక అంతే. ఇన్వర్టరు చార్జింగ్‌లో ఉంటే ఒక రకం, కరెంటు పోయి తను నడుపుతుంటే ఇంకో రకం. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, సోలార్ పంపుల కంట్రోలర్లు కూడా ఇదే కుటుంబం. స్తంభం మీద ఇన్సులేటర్ దగ్గర స్పార్క్ ఉంటే సెకనుకి 100 సార్లు గురగురమంటుంది, మీడియంవేవ్‌లో కూడా వినబడుతుంది, మంచు పడ్డ రాత్రి పెరుగుతుంది, ఒక గట్టి వాన పడి ఇన్సులేటర్ కడిగేశాక తగ్గుతుంది.

ఆ స్తంభాన్ని పట్టుకోడానికి చిన్న ట్రాన్సిస్టర్ చాలు. మీడియంవేవ్‌లో కింది కొసన స్టేషన్ లేని చోట పెట్టి చేత్తో తిప్పండి, లోపలున్న ఫెర్రైట్ కడ్డీ కొస రొద వైపు చూసినప్పుడు శబ్దం పడిపోతుంది. ఆ దిక్కుకి నేల మీద ఒక గీత అనుకోండి, యాభై అడుగులు పక్కకి వెళ్ళి మళ్ళీ తిప్పండి, రెండు గీతలూ కలిసే చోటే మీ స్తంభం. మా వీధిలో మూడోది దొరికింది. కరెంటాఫీసులో చెప్తే మొదట రేడియో రొద అంటే ఎవరికీ పట్టలేదు, మూడు నెలలు తిరిగాను, చివరికి స్తంభం నంబరు రాసి రాత్రి చీకట్లో నీలం మెరుపు కనబడుతోందని ఫోటోతో ఇచ్చాక లైన్‌మ్యాన్ వచ్చి ఇన్సులేటర్ మార్చాడు. ఆ రాత్రి మా స్క్రీన్ మీద 30 నుంచి 80 దాకా తెర లేచినట్టైంది. మీరు మాత్రం స్తంభం ముట్టుకోవద్దు, కర్రతో తట్టి చూడొద్దు, అది 11 వేల వోల్టులు.

ఇంట్లో రొదకి ఫెర్రైట్ చుట్టడం మందు, కానీ చెప్పే విధంగా చెయ్యాలి. తీగ మీద క్లిప్‌లా తగిలించే ఫెర్రైట్ 68 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ చెయ్యదు, అది పై ఫ్రీక్వెన్సీల కోసం. పెద్ద రింగు తీసుకుని వైరుని దాంట్లోంచి 12-15 సార్లు చుడితేనే ఫలితం. పాడైన కంప్యూటర్ ఎస్ఎంపీఎస్, అంటే పవర్ సప్లై పెట్టె విప్పితే కరెంటు లోపలికొచ్చే చోట రెండు చుట్టలున్న ఫిల్టర్ కాయిల్ ఉంటుంది, పాత సామాన్ల వాడి దగ్గర అలాంటివి బోలెడు. నా మట్టుకు నేను మా ఇంట్లో నాలుగు బల్బులు మార్చేసా, అది ఫిల్టర్ల కంటే చవక. ఒక మంచి కంపెనీ బల్బు కొని లూప్ పక్కనే పెట్టి వెలిగించి చూసి, మసక రాకపోతేనే మిగతావి కొనండి.

రొద లేకపోతే ఎలా ఉంటుందో నేను ఒక్కసారే చూశా. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి పోయాక మా వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజులు తలుచుకోవడం నాకిష్టం లేదు. అప్పటికి నాకీ సిగ్నళ్ళ గురించి తెలీదు, వార్తల కోసం బ్యాటరీ రేడియో పెట్టుకుని కూర్చున్నా. మీడియంవేవ్‌లో విశాఖ 927 పక్కన ఎప్పుడూ వినని దూరపు స్టేషన్లు పగలే వినబడ్డాయి, స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య నిజమైన నిశ్శబ్దం ఉంది. మన ఊరి గాల్లో ఎంత చెత్త నిండిపోయిందో అప్పుడు అర్థమైంది.

నాలుగో అడుగు: తిప్పడం

లూప్‌కి అంచు ఎటు చూస్తే అటు వినబడుతుంది, ముఖం ఎటు చూస్తే అటు చెవిటిది. దిక్కులు మనవాళ్ళందరికీ వాస్తు పుణ్యమా అని నోటికొచ్చు కదా, పర్లాకిమిడి నుంచి బీపీసీ, జేజేవై రెండూ ఈశాన్యం, వీటీఎక్స్ దక్షిణానికీ నైరుతికీ మధ్య, ఎన్‌డబ్ల్యూసీ ఆగ్నేయం. అంచుని ఈశాన్యానికి పెడితే ముఖం వాయవ్యం, ఆగ్నేయం వైపు ఉంటుంది, అంటే ఆ రెండు వైపులా ఉన్న రొద మాయమవుతుంది. కాబట్టి డాబా మీద లూప్ పెట్టే చోటు ఎంచుకునేటప్పుడు ఇన్వర్టర్ గదో ట్రాన్స్‌ఫార్మరో లూప్‌కి వాయవ్యానికో ఆగ్నేయానికో పడేలా చూస్కోండి. సిగ్నల్ ఎక్కువ వచ్చే కోణం వెతక్కండి, రొద తక్కువయ్యే కోణం వెతకండి. గరిష్ఠం దగ్గర పది డిగ్రీలు అటూ ఇటూ అయినా సిగ్నల్ పెద్దగా తగ్గదు, కానీ రొద మునిగే చోటు రెండు మూడు డిగ్రీల సన్నం.

ఐదో అడుగు: ఏ వేళకి కూర్చోవాలి

పగలు సూర్యుడి కిరణాల వల్ల ఆకాశంలో ఏర్పడే కింది పొర సిగ్నల్‌ని మింగేస్తుంది. దారంతా చీకటి ఉండాలి. జపాన్‌లో మనకంటే చాలా ముందే తెల్లారుతుంది, అక్కడ తెల్లారితే ఇక్కడ అర్ధరాత్రి దాటినా లాభం లేదు. చలికాలం రాత్రి ఎనిమిది నుంచి రెండు దాకా మంచి వేళ. నవంబర్ నుంచి ఫిబ్రవరి బంగారం. ఏప్రిల్, మే నెలల్లో మన ఒడియావాళ్ళు కాలబైశాఖి అనే ఉరుముల గాలివాన మహేంద్రగిరి వైపు లేస్తే వాటర్‌ఫాల్ అంతా అడ్డగీతలే, అప్పుడు లూప్ తీగ పీకేసి కిందకి దిగిపోండి, డాబా మీద పిడుగు పడే ప్రమాదం ఉంది.

ఆరో అడుగు: అది నిజంగా టైమ్ సిగ్నలేనా

ఒక గీత 68.5 మీద కనబడగానే సంబరపడొద్దు. నేను పది రాత్రులు మోసపోయా. సెకనుకొక టిక్కు చొప్పున శుభ్రంగా కొట్టుకుంటోంది, ఇంకేం అనుకున్నా. తీరా చూస్తే అది ఊరి బయట జీడి తోటకి ఏనుగులు రాకుండా వేసిన సోలార్ కంచె. ఆ కంచె మిషన్లు సుమారు సెకనుకి ఒకటి చొప్పునే షాక్ కొడతాయి, తీగలో ఎక్కడైనా గడ్డి తగిలి స్పార్క్ వస్తే ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ టిక్కు వస్తుంది.

తేడా పట్టే ఉపాయం ఇది. ఐదు నిమిషాలు రికార్డు చేసి, 20 సెకన్లకొక వరస చొప్పున ఒకదాని కింద ఒకటి పేర్చండి. సెకన్లు నిజమైనవైతే టిక్కులన్నీ నిట్టనిలువుగా స్తంభాల్లా నిలబడతాయి. కంచెవైతే వాలిపోతాయి, దాని సెకను సెకను కాదు కదా, వరస వరసకీ జరుగుతూ మెట్లు దిగుతున్నట్టు కనబడుతుంది. ఇలా పేర్చి వరసలన్నీ కలిపి సగటు తీస్తే రొద చెరిగిపోయి మునిగిపోయిన సిగ్నల్ కూడా పైకి తేలుతుంది. 20 సెకన్లే ఎందుకంటే బీపీసీ తన టైమంతా 20 సెకన్లలో చెప్పి, నిమిషానికి మూడుసార్లు పంపుతుంది.

బీపీసీ సెకను మొదట్లో సిగ్నల్ కిందకి పడుతుంది, 0.1, 0.2, 0.3, 0.4 సెకను, ఈ నాలుగు పొడవుల్లోనే సంఖ్యలు దాగుంటాయి. జేజేవై దీనికి తిరగేత, సెకను మొదట్లో పైకి లేచి 0.8 ఉంటే సున్నా, 0.5 ఉంటే ఒకటి, 0.2 ఉంటే గుర్తు. 60 మీద ఇంగ్లండ్, అమెరికా కూడా ఉన్నాయి, వాటి సెకను పడిపోవడంతో మొదలవుతుంది, లేవడంతో మొదలైందంటే అది జపానే. జేజేవై ప్రతి గంటలో 15వ, 45వ నిమిషాల్లో తన పేరు మోర్స్‌లో కొడుతుంది, మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా ఉంది కాబట్టి వాళ్ళ 15 మనకి 45 అవుతుంది, వినే సమయాలు మాత్రం అవే.

ఇంకో గట్టి రుజువు బీపీసీకే ఉంది. అది రోజుకి 21 గంటలే పనిచేస్తుంది, మన టైమ్‌లో రాత్రి రెండున్నర నుంచి ఐదున్నర దాకా ఆపేస్తారు. అలారం పెట్టుకుని లేచి చూడండి. 2:29కి ఉన్న గీత 2:31కి లేకపోతే అది బీపీసీయే, ఏ చార్జరూ ఏ కంచే అలా నిమిషం తప్పకుండా పడుకోదు.

ఆ వాచీ సంగతి

వాచీలో హోమ్ సిటీ, అంటే ఏ ఊరి టైమ్ చూపాలో సెట్ చేసేది, ఢిల్లీ అని ఉంటే ఈ రకం వాచీలు అసలు సిగ్నల్ కోసం ప్రయత్నమే చెయ్యవు, ఇక్కడ స్టేషన్ లేదు కాబట్టి. హాంకాంగ్ పెట్టాలి. అప్పుడది హాంకాంగ్ అర్ధరాత్రి నుంచి గంటకోసారి వింటుంది, అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా. కంపెనీ చెప్పే హద్దు చైనా సిగ్నల్‌కి 1,500 కిలోమీటర్లే, మనం దానికి రెట్టింపు దాటి ఉన్నాం, అందుకే ఒంటరిగా పెడితే పట్టదు. 68.5కి ట్యూన్ చేసిన లూప్ డాబా మీద ఈశాన్యానికి అంచు పెట్టి, దాని కింది తీగలకి జానెడు దూరంలో వాచీ పెట్టండి, 12 అంకె వైపు లోపలున్న కడ్డీ లూప్ తీగలకి అడ్డంగా ఉండాలి. లూప్ పట్టిన సిగ్నల్ అక్కడ పోగవుతుంది, తీగ ఏదీ కలపక్కర్లేదు, లాప్‌టాప్ కూడా పక్కన ఉండకూడదు. జానెడులో కాకపోతే బెత్తెడు దగ్గరికి తెచ్చి చూడండి, మరీ అంటించేస్తే లూప్ ట్యూనింగ్ జరిగిపోతుంది.

ఆయన వాచీకి నాలుగో రాత్రి పట్టింది, జనవరిలో, పదిన్నరకి. పొద్దున చూస్తే రిసీవ్ గుర్తు పక్కన టైమ్ పడి ఉంది. హోమ్ సిటీ తిరిగి ఢిల్లీ చేస్తే రెండున్నర గంటలు తనే తగ్గించుకుని మన టైమ్ చూపించింది, సెకన్లు అలాగే ఉంటాయి. నెలకోసారి హాంకాంగ్ పెట్టి మళ్ళీ ఇలా చేస్తే చాలని చెప్పి ఇచ్చేశా. లూప్ ఒకటి తనకీ కట్టిమ్మన్నారు, గుణుపురంలో వాళ్ళ ఇంటి వాయవ్యంలో ట్రాన్స్‌ఫార్మర్ ఉందట, అది మంచిదే అన్నాను.